కాంక్రీట్‌కి ఆవిరి పెట్టడం తేలికే, చల్లార్చడమే కష్టం

కెనడాలో కాంక్రీట్ ఫ్యాక్టరీలో పని అనగానే మనవాళ్ళు ముందు అడిగేది ఒకటే, అంత చలిలో సిమెంట్ గట్టిపడుద్దా అని. పడదు, అందుకే ఆవిరి పెడతాం అంటాను. ఓహో ఇడ్లీల్లాగా అన్నమాట అని నవ్వుతారు. పోలిక బానే ఉంది గానీ ఒక్క తేడా, ఇడ్లీ ప్లేట్లు పొయ్యి మీద నుంచి దించి ఫ్యాన్ కింద పెట్టినా ఏం కాదు, అదే 60 డిగ్రీల్లో ఉన్న బీమ్ మీద టార్పాలిన్ లాగేసి మైనస్ 20 గాలికి వదిలేస్తే కాసేపటికే దాని మీద సన్న గీతలు మొదలవుతాయి. నన్నడిగితే చలిలో కాంక్రీట్‌ని వేడి చేయడం ఎవరైనా చేస్తారు, బాయిలర్ ఉంటే చాలు. పనితనం అంతా దాన్ని మళ్ళీ చల్లార్చే దగ్గరే ఉంది. ఇక్కడికి కొత్తగా వచ్చే మన ఇంజినీర్ పిల్లలు కూడా ఎన్ని డిగ్రీలు పెట్టాలి అనే అడుగుతారు, ఎంత నిదానంగా దించాలి అని ఒక్కళ్ళూ అడగరు. అందుకే ఇది రాస్తున్నా.

ఆవిరి క్యూరింగ్, అంటే పోసిన కాంక్రీట్ తొందరగా గట్టిపడేలా ఆవిరి పట్టించడం, నేను ఇక్కడికొచ్చాక నేర్చుకుంది కాదు. ఇండియాలో ఉన్నప్పుడు రైల్వే స్లీపర్లు పోసే ఫ్యాక్టరీలో చేశాను. మే నెలలో షెడ్డు కింద 42, 43 డిగ్రీలు, చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంటది, అప్పుడు కూడా బాయిలర్ ఆగదు. అంత ఎండలో ఆవిరి దేనికయ్యా అంటే మౌల్డ్ కోసం, అదే కాంక్రీట్ పోసే ఇనుప అచ్చు. మన బ్రాడ్ గేజ్ స్లీపర్ 2.75 మీటర్ల పొడవు, పావు టన్ను పైనే బరువు, లోపల 18 స్ట్రాండ్లు, ఒక్కో స్ట్రాండ్ అంటే 3 మిల్లీమీటర్ల వైర్లు మూడు కలిపి మెలేసింది. వాటిని ముందే జాకీతో లాగి పట్టుకుని, చుట్టూ కాంక్రీట్ పోసి, ఆ కాంక్రీట్ 40 ఎంపీఏ (మెగాపాస్కల్, బలం కొలిచే లెక్క) బలం వచ్చాకే వదలాలి. మామూలుగా నీళ్ళు కొట్టుకుంటూ కూర్చుంటే ఆ బలానికి రోజులు పడుద్ది, అన్ని రోజులు మౌల్డ్ ఇరుక్కుపోతే ఫ్యాక్టరీ ఏం నడుస్తది. చాంబర్లో పెట్టి 70 దాకా ఆవిరి పట్టిస్తే రాత్రి పోసింది పొద్దున వదలొచ్చు. అంటే అక్కడ ఆవిరి మొత్తం టైమ్ కోసమే. ఇక్కడ ఆల్బెర్టాలో, కాల్గరీ వైపు, జనవరిలో టైమ్ సంగతి తర్వాత, ముందు కాంక్రీట్ బతకాలి కదా.

బతకడం అని ఎందుకన్నానంటే, సిమెంట్ గట్టిపడేది ఎండిపోయి కాదు, నీళ్ళతో కలిసి జరిగే రసాయన చర్య వల్ల, ఆ చర్య చలి పెరిగే కొద్దీ మందగిస్తది. 5 డిగ్రీల కిందకి వస్తే నత్తనడకే. మన ఇండియన్ స్టాండర్డ్ ఐఎస్ 7861 రెండో భాగం 5 డిగ్రీల కింద పోసేదాన్ని చలి కాంక్రీటింగ్ అంటది, అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ఏసీఐ 306 గీత 4 డిగ్రీల దగ్గర గీసింది, పెద్ద తేడా లేదు. మెల్లగా గట్టిపడితే పర్లేదు, ఆగితే సరిపోద్ది. అసలు ప్రమాదం గడ్డకట్టడం. నీళ్ళు మంచుగా మారితే 9 శాతం దాకా ఉబ్బుతాయి, ఇంకా పట్టు రాని కాంక్రీట్ లోపల అది జరిగితే సిమెంట్‌కీ కంకరకీ మధ్య పట్టు తెగిపోద్ది, తర్వాత ఎంత వేడి పెట్టినా పోయిన బలం తిరిగిరాదు. 3.5 ఎంపీఏ వచ్చేదాకా ఒక్కసారి కూడా గడ్డకట్టనివ్వకూడదు అనేది లెక్క, ఆ మాత్రం బలం వచ్చేసరికి లోపలి నీళ్ళు కొంత సిమెంట్ లాగేసుకుని ఉంటది కాబట్టి మంచుకి ఉబ్బడానికి చోటు ఉంటది.

గడ్డకట్టిన కాంక్రీట్ చూశారా ఎప్పుడన్నా? ఒక సైట్‌లో పునాది కాంక్రీట్ మీద రాత్రి దుప్పట్లు సరిగ్గా కప్పకపోతే పొద్దున చూశాను. పైపైన చూస్తే గట్టిగానే ఉంది, బూటుతో తన్నినా కదల్లేదు, సైట్ వాళ్ళు కూడా సెట్ అయిపోయింది అనుకున్నారు. వంగి దగ్గరగా చూస్తే మాత్రం పైన అంతా ముగ్గు పెట్టినట్టు ఆకుల ఆకారంలో అచ్చులు, మధ్యలో ఈనె, అటూ ఇటూ పాయలు, చాలా అందంగా ఉన్నాయి. అవి మంచు స్ఫటికాలు పెరిగిన గుర్తులు. మధ్యాహ్నం ఎండకి మంచు కరిగాక మేకుతో గీస్తే ఆ పై పొర పొడి పొడిగా లేచొచ్చింది. చలిలో గట్టిగా ఉంది అంటే సెట్ అయిందని కాదు, గడ్డకట్టి కూడా ఉండొచ్చు. అందుకే ఇక్కడ ముట్టుకుని చెప్పే మేస్త్రీ మాట చెల్లదు, థర్మామీటర్ మాటే చెల్లుద్ది.

సరే ఫ్యాక్టరీకి వద్దాం. ఆవిరి కంటే ముందే చలితో గొడవ మొదలవుద్ది. నీళ్ళు వేడి చేసి కలిపితే చాలు కదా అనుకుంటారు, నీటికి వేడి పట్టుకునే గుణం రాయి కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ, నిజమే, కానీ ఒక క్యూబిక్ మీటర్ కాంక్రీట్‌లో నీళ్ళు 150 కేజీలుంటే ఇసుకా కంకరా కలిపి 1800 కేజీలు ఉంటాయి. ఆ 1800 కేజీలు మైనస్ 5లో ఉంటే 60 డిగ్రీల నీళ్ళు పోసినా 15కి లాగలేవు, లెక్కేసి చూసుకోండి. పైగా ఇసుకలో తడి గడ్డకట్టి ఉంటే ఆ మంచు కరగడానికే బోలెడంత వేడి పోద్ది, కరగని ముద్దలు అలాగే మిక్సర్లోంచి బయటికొస్తాయి కూడా. కాబట్టి అవి నిల్వ ఉండే బిన్నుల్లో ఆవిరి పైపులు వేసి ఇసుక, కంకర కూడా వేడి చేయాలి. మరీ వేడి నీళ్ళు నేరుగా సిమెంట్ మీద పోయకూడదు, మిక్సర్లోనే బిగుసుకుపోయే ప్రమాదం ఉంది, ముందు కంకరా నీళ్ళూ తిరిగాక సిమెంట్ వేస్తాం.

ఇక మౌల్డ్. రాత్రంతా బయట ఉన్న ఇనుప మౌల్డ్ మైనస్ 20లో ఉంటది, చేతి తొడుగు లేకుండా ముట్టుకుంటే చర్మం అతుక్కుంటది. దాంట్లో 20 డిగ్రీల కాంక్రీట్ పోస్తే మధ్యలో బానే ఉంటది, ఇనుముకి ఆనుకున్న అంచులే గడ్డకడతాయి, రేపు చూసే వాడికి కనపడేది ఆ అంచులే. కాబట్టి ముందు టార్పాలిన్ కప్పి మౌల్డ్‌నీ రాడ్‌నీ వేడెక్కించి, లోపల కరిగిన నీళ్ళు గాలి కొట్టి బయటికి తోలి అప్పుడు పోయాలి. ప్రీస్ట్రెస్ స్ట్రాండ్‌కి, అంటే ఇందాక చెప్పినట్టు ముందే లాగి పట్టుకునే స్ట్రాండ్‌కి, ఇంకో తంటా ఉంది. రెండు చివర్లా కట్టేసి చలిలో లాగిన స్ట్రాండ్ మీద వెచ్చటి కాంక్రీట్ పడితే అది సాగుద్ది, చివర్లు కదలవు కాబట్టి లాగిన బలం తగ్గిపోద్ది. 10 డిగ్రీల తేడాకి రెండు శాతానికి కాస్త తక్కువ. 30 డిగ్రీలు అంటే 5 శాతం, అది చిన్న విషయం కాదు, అందుకని చలికాలం ఆ మేరకు కొంచెం ఎక్కువ లాగుతాం. స్లీపర్ ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు ఈ బాధ నాకు తెలీదు.

పోశాక వెంటనే ఆవిరి వదలకూడదు. ఇక్కడే అందరికీ తొందర. చలికి భయపడి, పైగా పొద్దున షిఫ్ట్‌కి మౌల్డ్ ఇవ్వాలి కాబట్టి, ఫినిషింగ్ అవ్వగానే వాల్వ్ తిప్పేయాలని చెయ్యి దురద పెడుద్ది. కాంక్రీట్ లోపల నీళ్ళూ గాలీ ఉన్నాయి, వేడికి నీళ్ళు సిమెంట్ కంటే, గాలి నీళ్ళ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉబ్బుతాయి. పట్టు రాకముందే వేడి తగిలితే ఆ ఉబ్బుడుకి ఎదురు నిలిచే బలం ఉండదు, లోపలంతా గుల్ల అవుద్ది. కాబట్టి తొలి పట్టు వచ్చేదాకా, మామూలుగా 3 నుంచి 5 గంటలు ఆగాలి. మోర్టార్ తీసి సూది దించి 3.5 ఎంపీఏ నిరోధం వచ్చిందా అని చూసే టెస్ట్ ఉంది, అది చెప్పేదే నిజం, గడియారం కాదు. ఎందుకంటే చలికి పట్టు లేటవుద్ది, వేసవిలో 3 గంటలకే వచ్చేది జనవరిలో 5 అయినా రాదు. అలాగని ఆ ఐదు గంటలూ చలికి వదిలేయలేం కదా, టార్పాలిన్ కింద 15, 20 డిగ్రీలు నిలిచేలా కొంచెం వెచ్చదనం మాత్రం ఇస్తూ ఉంటాం. మా ఫోర్‌మన్ పంజాబీ పెద్దాయన, ఆ టైమ్‌లో ఎవరన్నా వాల్వ్ దగ్గరికి వెళ్తే పేరు పెట్టి పిలుస్తాడు, అంతే, ఇంకేం అనడు.

పట్టు వచ్చాక గంటకి 10 నుంచి 20 డిగ్రీల లెక్కన పెంచుకుంటూ పోవాలి. వేడి గాలి ఉండగా ఆవిరే ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, వేడి గాలి కాంక్రీట్‌లో తడి లాగేస్తది, ఆవిరి తడి ఇస్తది. రెండోది, ఒక కేజీ ఆవిరి చల్లటి మౌల్డ్‌కి తగిలి నీళ్ళుగా మారేటప్పుడే 2257 కిలోజౌళ్ళ వేడి వదిలేస్తది, అదే ఒక కేజీ వేడి నీళ్ళు 80 నుంచి 20కి చల్లబడితే 250 మాత్రమే ఇస్తాయి. పైగా ఎక్కడ చల్లగా ఉంటే అక్కడే ఎక్కువ ఆవిరి నీరవుద్ది, అంటే చలి ఉన్న మూలకే ఎక్కువ వేడి దానంతట అదే పోద్ది. ఇంత తెలివైన హీటర్ ఇంకోటి లేదు. కాకపోతే ఆవిరి కాంక్రీట్ మీదకి నేరుగా కొట్టకూడదు, టార్పాలిన్ కాంక్రీట్‌కి ఆనకూడదు, ఫ్రేమ్ వేసి వాలుగా కట్టాలి. వాలు లేకపోతే టార్పాలిన్ లోపలి వైపు పట్టిన నీళ్ళు ఒకే చోట చుక్క చుక్కగా కారి, పొద్దున చూస్తే నున్నగా దిద్దిన పై మొహం మీద వరసగా గుంటలు, కస్టమర్ ముందు కనిపెట్టేది అవే.

ఇంకో తిరకాసు ఏంటంటే కంట్రోలర్ చూపించే టెంపరేచర్ టార్పాలిన్ కింద గాలిది, కాంక్రీట్‌ది కాదు. సిమెంట్ తన వేడి తను పుట్టించుకుంటది, 100 కేజీల సిమెంట్‌కి సుమారు 10, 12 డిగ్రీలు, మా మిక్స్‌లో క్యూబిక్ మీటర్‌కి 400 కేజీల దాకా ఉంటది, అదీ తొందరగా బలమొచ్చే రకం. కాబట్టి గాలి 60 చూపిస్తున్నప్పుడు లావు బీమ్ మధ్యలో 75 ఉండొచ్చు. 70 దాటడం ఎందుకు ప్రమాదమో అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది జనానికి. 1980ల్లో ఫిన్లాండ్, జర్మనీల్లో మరీ వేడిగా క్యూర్ చేసిన రైల్వే స్లీపర్లు ట్రాక్‌లో పడ్డాక ఏళ్ళు గడిచి పగలడం మొదలైంది. ఫ్యాక్టరీ టెస్టులన్నీ పాసైనవే అవి. సిమెంట్‌లో తొలి గంటల్లో ఎట్రింగైట్ అని ఒక ఖనిజం పుట్టాలి, 70 దాటితే అది నిలవదు, తర్వాత ఎప్పుడో వాన నీళ్ళు తగిలినప్పుడు గట్టిపడిపోయిన కాంక్రీట్ లోపల తీరిగ్గా పుట్టి ఉబ్బి పగలగొడుద్ది. టెంపరేచర్ కొలిచే సన్నటి థర్మోకపుల్ వైరు ఒకటి కాంక్రీట్ లోపలికి పెడితే ఇదంతా తప్పుద్ది, దానికి పెద్ద ఖర్చు కూడా కాదు. ఫ్లై యాష్ (బొగ్గు బూడిద), స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) కలిపినా ఈ జబ్బు ముప్పు తగ్గుద్ది.

ఇప్పుడు సైట్లలో మెచ్యూరిటీ మీటర్లు అని, టెంపరేచర్‌ని బట్టి కాంక్రీట్ బలం అంచనా వేసే బ్లూటూత్ సెన్సార్లు అమ్ముతున్నారు కదా, ఆ లెక్క పుట్టిందే ఆవిరి క్యూరింగ్ నుంచి. 1949లో నర్స్, 1951లో సాల్ అని ఇంగ్లండ్‌లో ఇద్దరు, ఆవిరి పట్టిన కాంక్రీట్ మీద పని చేస్తూ, టెంపరేచర్‌కి 10 కలిపి గంటలతో గుణిస్తే బలం అంచనాకి వస్తది అని తేల్చారు. 60 డిగ్రీల్లో 8 గంటలు అంటే 560. అదే 560 రావాలంటే 20 డిగ్రీల్లో 19 గంటలు, 5 డిగ్రీల్లో 37 గంటలు పడుద్ది. ఇది పైపై లెక్కే, వేడి ఎక్కువైన దగ్గర అసలు తేడా ఇంకా పెద్దది. అయితే మరీ తొందరగా వేడి చేస్తే ఈ సూత్రం పనిచేయదు అని సాల్ అప్పుడే చెప్పాడు. బ్రోచర్లలో సూత్రం ఉంటది గానీ ఆ షరతు కనపడదు.

ఇక అసలు సంగతి, దించడం. కాంక్రీట్ డిగ్రీకి మీటర్‌కి 10 మైక్రాన్లు కుంచించుకుపోద్ది. 60 నుంచి మైనస్ 20 అంటే 80 డిగ్రీలు, 10 మీటర్ల బీమ్‌కి 8 మిల్లీమీటర్లు. మొత్తం ఒకేసారి కుంచించుకుపోతే గొడవ లేదు, కానీ ముందు పై చర్మం చల్లబడుద్ది, లోపల ఇంకా వేడిగా ఉబ్బే ఉంటది, చర్మం ముడుచుకుందామంటే లోపలిది ఒప్పుకోదు, అప్పుడు పైన లాగుడు పుట్టి పగులుద్ది. లాగుడుకి కాంక్రీట్ ఎంత బలహీనమో తెలిసిందే, నొక్కుడు బలంలో పదో వంతు. లోపలికీ పైకీ 20 డిగ్రీల తేడా దాటనివ్వకూడదు అని పాత రూల్ ఒకటి ఉంది. కప్పింది తీశాక మొదటి 24 గంటల్లో ఎంత దించొచ్చో ఏసీఐ 306 కూడా చెప్తది, 300 మిల్లీమీటర్ల లోపు మందానికి 28 డిగ్రీలు, 900 దాకా 22, 1800 దాకా 17, అంతకంటే లావైతే 11. గంటకి కాదండీ, రోజుకి! ఈ లెక్కన 60 నుంచి బయటి చలికి ఒక్క రాత్రిలో దించడం అసలు కుదరదు.

ఇంతవరకు అయితే నిదానంగా దించుదాంలే అనుకోవచ్చు. ప్రీస్ట్రెస్ బెడ్‌లో, అంటే స్ట్రాండ్లు లాగి కట్టి బీమ్‌లు వరసగా పోసే చోట, అది కూడా కుదరదు, ఎందుకంటే స్ట్రాండ్లు ఇంకా రెండు చివర్లా కట్టేసి ఉన్నాయి. కాంక్రీట్ చల్లబడి కుంచించుకుపోదామంటే స్ట్రాండ్లు పట్టుకుని ఉంటాయి, బీమ్‌కీ బీమ్‌కీ మధ్య బయటికి కనపడే స్ట్రాండ్ ముక్క గాలికి ముందే చల్లబడి ఇంకా లాగుద్ది, కోయకముందే బీమ్ నడుమ నిలువుగా పగుళ్ళు వస్తాయి. అంటే వేడిగా ఉండగానే స్ట్రాండ్లు కోసేయాలి, కోశాక మాత్రం నిదానంగా చల్లార్చాలి, రెండూ ఒకదానికొకటి ఎదురు. మేం చేసేది ఏంటంటే, అదే కాంక్రీట్‌తో పోసిన నమూనా సిలిండర్లని నొక్కి బలం చూసే టెస్ట్ రిజల్ట్ వచ్చేదాకా ఒక్క టార్పాలిన్ కూడా కదలదు. సిలిండర్లు కూడా బెడ్ మీదే అదే టార్పాలిన్ కింద పెడతాం, ఆవిరి నోటికి దగ్గరగా మాత్రం పెట్టకూడదు, అక్కడ పెడితే అవి బీమ్ కంటే ఎక్కువ బలం చూపించి మోసం చేస్తాయి. రిజల్ట్ రాగానే చివర్ల దగ్గర, మధ్య సందుల దగ్గర వరకే టార్పాలిన్ ఎత్తి, రెండు వైపులా ఇద్దరు గ్యాస్ టార్చ్ పట్టుకుని ఒకే స్ట్రాండ్‌ని ఒకేసారి కోస్తారు. కోయడం అంటే కసక్కున కాదు, మంట అటూ ఇటూ ఆడిస్తూ ఒక జానెడు మేర ఎర్రగా కాలనిస్తారు, మెత్తబడి సన్నబడి, ఇక్కడి స్ట్రాండ్‌లో ఉండే ఏడు వైర్లలో ముందు ఒకటి టప్ మంటది, కాస్త ఆగి ఇంకోటి, అలా ఒక్కొక్కటే తెగుతాయి. ఒక్కసారిగా తెంపితే ఆ దెబ్బకి బీమ్ చివర చిట్లుద్ది. అన్నీ తెగాక మళ్ళీ మొత్తం కప్పేసి, ఆవిరి లేకుండా అలాగే వదిలేస్తాం. కప్పడం అనవసరం కదా, బలం వచ్చేసింది కదా అని కొత్తవాళ్ళు అంటారు. బలం వచ్చింది, నిజమే, పగుళ్ళకి బలంతో పని లేదు, తేడాతో పని.

అన్నట్టు గాలి గురించి చెప్పడం మర్చిపోయా. థర్మామీటర్ మైనస్ 8 చూపించినా గాలి ఊపుగా ఉంటే, గాలి కదలని మైనస్ 20 కంటే ఎక్కువ పగుళ్ళు చేయొచ్చు. ఇక్కడ చినూక్ అని రాకీ కొండల మీద నుంచి వెచ్చటి గాలి వస్తది, కొన్ని గంటల్లోనే మైనస్ 20 నుంచి సున్నా పైకి ఎక్కేస్తది, అందరూ సంబరపడి జాకెట్లు విప్పేస్తారు, యార్డులో టార్పాలిన్లు కూడా తీసేద్దాం అంటారు, మళ్ళీ రాత్రికి పడిపోద్ది. వాతావరణం ఎంత ముద్దొచ్చినా టార్పాలిన్ తీయొద్దు.

ఆవిరి పట్టిన కాంక్రీట్ మొదట్లో దూకుడుగా ఉన్నా 28 రోజుల దగ్గర మామూలుగా నీళ్ళు తాగి పెరిగిన కాంక్రీట్ కంటే కాస్త వెనకబడుద్ది, అది తెలిసే మిక్స్ డిజైన్ చేసుకోవాలి. సైట్లలో అయితే ఆవిరి ఉండదు, ప్రొపేన్ హీటర్లు పెడతారు, వాటి పొగ గొట్టం బయటికి పెట్టకపోతే కార్బన్ డయాక్సైడ్ తాజా ఫ్లోర్ మీద పనిచేసి పై పొర సుద్ద పొడిలా రాలుద్ది, ఊడ్చే కొద్దీ వస్తానే ఉంటది, పైగా లోపల పనిచేసే వాళ్ళ ప్రాణానికి కూడా మంచిది కాదు. కొన్ని కొత్త ఫ్యాక్టరీల్లో ఆవిరి మానేసి మౌల్డ్ కింద వేడి నీళ్ళ పైపులు వేస్తున్నారు, ఖర్చు తక్కువ, కంట్రోల్ ఎక్కువ, నేనూ ఒప్పుకుంటా, కానీ తడి సంగతి విడిగా చూసుకోవాల్సిందే.

ఇదంతా మనకెందుకు అంటారా, మొన్న డిసెంబర్లో మా బాబాయ్ ఫోన్ చేసి "ఏరా అబ్బాయ్, చలికాలం స్లాబ్ వేస్తే ఏమన్నా అవుద్దా, మేస్త్రీ ఏడో రోజు సెంట్రింగ్ విప్పుతానంటున్నాడు" అన్నాడు. గుంటూరు చలికి స్లాబ్‌కి ఏం కాదు బాబాయ్, ఇంకా మంచిదే, నీళ్ళు తొందరగా ఆరిపోవు, కానీ పోట్లు, అదే స్లాబ్ కింద నిలబెట్టిన కర్రలు, మాత్రం అప్పుడే తియ్యనివ్వమాకు అన్నాను. ఐఎస్ 456లో 4.5 మీటర్ల లోపు స్లాబ్ కింద పోట్లకి 7 రోజులు, అంతకంటే ఎక్కువైతే 14 అని ఉంటది, అందరూ ఆ అంకెలే గుర్తుపెట్టుకుంటారు, పక్కనే ఉన్న షరతు చదవరు. అది ఏమీ కలపని మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంట్‌కి, టెంపరేచర్ 15 డిగ్రీల కిందకి దిగనప్పుడు. ఇప్పుడు ఇళ్ళకి వాడేది ఎక్కువగా పీపీసీ, అంటే ఫ్లై యాష్ లాంటివి కలిపింది, అది నిదానం సిమెంట్. ఆదిలాబాద్‌లో, అరకులో రాత్రిళ్ళు ఎంత దిగుద్దో మీకు తెలుసు, లంబసింగి అయితే కొన్నేళ్ళు సున్నా దగ్గరికి కూడా వస్తది. అలాంటి చోట రాత్రి స్లాబ్ మీద టార్పాలిన్ పరిచి దాని మీద ఎండు వరిగడ్డి మందంగా వేసి పైన ఇంకో టార్పాలిన్ వేస్తే చాలు, సిమెంట్ వేడి సిమెంట్ దగ్గరే ఉంటది. మడులు కట్టి నీళ్ళు నింపేది మర్నాడు కాస్త ఎండ ఎక్కాక చేయండి, అదీ ముందురోజు బోరు నుంచి ట్యాంకుకి ఎక్కించి రాత్రంతా చల్లబడిన నీళ్ళు కాకుండా, అప్పుడే బోరు వేసి తోడిన నీళ్ళతో. బాబాయ్ పద్నాలుగు రోజులు ఆగాడు, మేస్త్రీ మాత్రం పోట్ల అద్దె ఎవరిస్తారని ఇంకా గొడవ పడుతున్నాడంట.